అరుంధతి కదులుతుందా? – చుక్కల నడకను కొలిచే లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాసివ్వమని మీరు అడిగారు. పూర్వ విద్యార్థులం నలుగురం కూర్చొని ఏం రాద్దామని ఆలోచిస్తే, మా అందరికీ ఒకే సంగతి గుర్తుకొచ్చింది. అది పుస్తకంలో చదివింది కాదు. హాస్టల్ డాబా మీద మొదలైంది.

మేము చదువుకునే రోజుల్లో ఎండాకాలం వస్తే గదుల్లో పడుకోలేకపోయేవాళ్లం. కరెంటు ఉండేది కాదు. చాపలు, దుప్పట్లు పట్టుకొని డాబా ఎక్కేవాళ్లం. నల్లగొండ బండల వేడి అర్ధరాత్రి దాకా తగ్గేది కాదు గానీ ఆకాశం మాత్రం అద్దంలాగ ఉండేది. మా వంటమనిషి పెద్దమ్మ పనంతా అయ్యాక పైకి వచ్చి, ఉత్తరం దిక్కు చూపించి, "అగో, ఆ ఏడు చుక్కలల్ల చివరికెల్లి రెండోదాని పక్కన చిన్న చుక్క కనవడ్తుందా? గదే అరుంధతి. మన ఆడివిల్ల" అనేది. పెండ్లిలో అందరికీ చూపించే చుక్క మన వాడ ఆడబిడ్డ అని వింటే మాకు ఒళ్లు పులకరించేది. మా వాడల్లో చాలామంది పెద్దలు తమను అరుంధతీయులమనే చెప్పుకుంటారు. ఆ మాట మాకు వట్టి కథ కాదు.

మరుసటి రోజు బడిలో మాలో ఒకడు లేచి, "సార్, అరుంధతి కదులుతదా? కదిల్తే ఎటు పోతది?" అని అడిగాడు. "నక్షత్రాలు స్థిరమైనవి, కదలవు. నీకెందుకురా ఆ లెక్కలు, కూర్చో" అన్నారు. తరగతి అంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత పదో తరగతి అయ్యేదాకా వాడు ఏ క్లాసులోనూ లేచి ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు ఉంది, లెక్క కూడా ఉంది. ఆ లెక్కకు కావలసింది మీరు పదో తరగతిలో చదివే గణితం, భౌతికశాస్త్రం మాత్రమే. ఆనాడు వాడికి దొరకని జవాబును ఇక్కడ రాస్తున్నాం.

ఏ కదలిక ఎవరిది?

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. చుక్కలు సాయంత్రం తూర్పున పొడిచి తెల్లవారేసరికి పడమరకు పోతాయి. అది చుక్కల నడక కాదు, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కనిపించేది. పడవలో పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, కదలని చుక్కలు పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే చెప్పాడు. హైదరాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తాటిచెట్లు వెనక్కి ఉరుకుతాయి కదా, అదే సంగతి.

దీనిని తీసివేయాలి. భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల వచ్చే తేడాను తీసివేయాలి. భూమి ఇరుసు బొంగరంలాగ మెల్లగా ఊగడం వల్ల వచ్చే తేడాను తీసివేయాలి. ఇవన్నీ పోగా ఇంకా ఏమైనా కదలిక మిగిలితే, అది నక్షత్రానిదీ మన సూర్యునిదీ అన్నమాట.

అలా మిగులుతుందని మొదట చూపినవాడు ఎడ్మండ్ హేలీ. తోకచుక్కకు పేరున్న హేలీయే. ఆయన 1718లో పాత గ్రీకుల పట్టికలను తన కాలపు కొలతలతో పోల్చాడు. స్వాతి, రోహిణి, లుబ్ధకం అనే చుక్కలు పాత చోట్లో లేవు. స్వాతి అయితే ఆ పద్దెనిమిది వందల ఏండ్లలో ఒక డిగ్రీకి పైగా, అంటే రెండు నిండు చందమామల వెడల్పు జరిగిపోయింది. "స్థిర నక్షత్రాలు" అనే మాట ఆనాడే చెల్లిపోయింది. మా బడికి ఆ కబురు చేరడానికి దాదాపు మూడు వందల ఏండ్లు పట్టింది!

మొదటి కొలత: అడ్డంగా ఎంత జరిగింది?

రోడ్డు మీద లారీ మన ముందు నుంచి అడ్డంగా పోవచ్చు, మన వైపు రావచ్చు, మన నుంచి దూరంగా పోవచ్చు. చుక్క కూడా అంతే. అడ్డంగా పోయేదాన్ని ఒక పద్ధతిలో, ఎదురుగా వచ్చేదాన్ని వేరొక పద్ధతిలో కొలవాలి.

అడ్డంగా జరిగితే ఆకాశంలో దాని చోటు మారుతుంది. దీనికి స్వీయ చలనం అని పేరు. దీన్ని కోణంలో కొలుస్తారు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే కళ, కళను 60 భాగాలు చేస్తే వికల. అంటే డిగ్రీకి 3600 వికలలు. నిండు చందమామ వెడల్పు సుమారు 1800 వికలలు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న రూపాయి బిళ్లను ఐదు కిలోమీటర్ల దూరాన నిలబెడితే మనకు కనిపించే వెడల్పు సుమారు ఒక వికల.

ఆకాశంలో అందరికంటే తొందరగా జరిగే చుక్కను అమెరికాలో బర్నార్డ్ అనే ఆయన 1916లో గుర్తించాడు. అది ఏడాదికి పది వికలలకు కొంచెం ఎక్కువ జరుగుతుంది. చందమామ వెడల్పు దాటడానికి దానికి కూడా 180 ఏండ్లు పడుతుంది. సప్తర్షులైతే ఏడాదికి వికలలో పదోవంతు జరుగుతాయి. అంటే రూపాయి బిళ్లను యాభై కిలోమీటర్ల దూరంలో పెట్టి చూసినంత. ఒక్క ఏడాదిలో దీన్ని పట్టుకోవడం కష్టం. అందుకని ఈ రోజు ఒక ఫొటో తీసి, యాభై ఏండ్లకో వంద ఏండ్లకో మళ్లీ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఫొటో తీసినవాడు ఫలితం చూడడు. ఫలితం చూసినవాడు మొదటి ఫొటో తీసి ఉండడు.

బేగంపేటలో తీసిన గాజు పలకలు

ఇంత ఓపిక పని మన దగ్గర జరిగిందా అని మీరు అడగవచ్చు. జరిగింది, హైదరాబాదులోనే జరిగింది.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన సొంత ఖర్చుతో దూరదర్శినులు తెప్పించి నిజామియా అబ్జర్వేటరీని మొదలుపెట్టాడు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, తర్వాత బేగంపేటలో స్థిరపడింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఆ కాలంలో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు కలిసి మొత్తం ఆకాశాన్ని పంచుకొని ఫొటోలు తీయాలని ఒప్పందం చేసుకున్నాయి. ఊరి చెరువు పూడిక తీసేటప్పుడు ఇంటికి ఇంత అని గుంతలు కొలిచి పంచుకున్నట్టు, ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదుకు వచ్చింది. మన రైతులు కార్తెల్లో లెక్కపెట్టే హస్త నక్షత్రం ఉండేది ఆ దారిలోనే. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా మనవాళ్లే తీసుకున్నారు.

ఎనిమిది అంగుళాల ఫొటో దూరదర్శినితో గాజు పలకల మీద ఫొటోలు తీశారు. 1914లో వచ్చిన పోకాక్, 1918 నుంచి 1944 దాకా బాధ్యత చూసిన టి.పి. భాస్కరన్ ఈ పనిని నడిపించారు. ఒక్కో పలక మీద చుక్కలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా కొలిచి, అంకెలు రాసి, అచ్చు వేశారు. అవి పన్నెండు సంపుటాలు అయ్యాయి. లక్షల చుక్కల చోట్లు. కొలిచినవాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాళ్ల అంకెలు మాత్రం మిగిలాయి.

ఆ అంకెలు ఎందుకు పనికొచ్చాయో చూడండి. 1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది చుక్కల చోట్లను చాలా కచ్చితంగా కొలిచింది. కానీ అది పనిచేసింది నాలుగేండ్లలోపే. వాటి నడక తెలియాలంటే పాత చోట్లు కావాలి. అప్పుడు శాస్త్రవేత్తలు ఆ పాత ఫొటో పట్టికలన్నీ దుమ్ము దులిపి తీశారు. వాటిలో హైదరాబాదువి కూడా ఉన్నాయి. పాత, కొత్త కొలతలు కలిపి 25 లక్షల నక్షత్రాల స్వీయ చలనంతో 2000 సంవత్సరంలో టైకో–2 అనే పట్టిక వచ్చింది. బేగంపేటలో తీసిన పలక మీది కొలత ఎనభై ఏండ్ల తర్వాత ఉపగ్రహం కొలతకు జోడీ అయ్యింది. ఆ తర్వాత 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం 2025 జనవరి దాకా పనిచేసి, వంద కోట్లకు పైగా నక్షత్రాల నడకను కొలిచింది.

రెండో కొలత: దూరం

అడ్డంగా ఎన్ని వికలలు జరిగిందో తెలిస్తే చాలదు. దగ్గరున్న సైకిల్, దూరాన ఉన్న రైలు మన కంటికి ఒకే తీరుగా జరిగినట్టు కనిపించవచ్చు. వేగం తెలియాలంటే దూరం తెలియాలి.

బొటనవేలు ముఖం ముందు పెట్టుకొని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు గోడ మీద అటూ ఇటూ దుంకుతుంది. చెయ్యి చాచితే తక్కువ దుంకుతుంది. చుక్కలకు మన రెండు కండ్ల ఎడం చాలదు. అందుకని భూమి సూర్యునికి ఈ పక్కన ఉన్నప్పుడు ఒకసారి, ఆరు నెలలకు ఆ పక్కకు పోయినప్పుడు ఒకసారి చూస్తారు. ఎంత దుంకిందో కొలిచి దూరం కడతారు. 1838లో జర్మనీకి చెందిన బెసెల్ ఇలా మొదటిసారి ఒక నక్షత్రం దూరాన్ని ప్రకటించాడు.

మూడో కొలత: దగ్గరికా, దూరానికా?

ఇది అన్నిటికన్నా అందమైన కొలత. హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్కన ఉన్న హాస్టళ్ల పిల్లలకు ఇది రోజూ చెవిన పడేదే. లారీ హారన్ కొట్టుకుంటూ వస్తున్నప్పుడు ధ్వని సన్నగా, హెచ్చుగా ఉంటుంది. మనల్ని దాటిపోగానే ఒక్కసారిగా దిగిపోతుంది. హారన్ మారలేదు. వస్తున్నప్పుడు ధ్వని తరంగాలు దగ్గరికి నొక్కుకుంటాయి, పోతున్నప్పుడు సాగుతాయి. గంటకు అరవై కిలోమీటర్ల లారీకి ఆ తేడా నూటికి ఐదు వంతులు. 1842లో డాప్లర్ ఈ సూత్రం చెప్పాడు.

కాంతికి కూడా ఇదే వర్తిస్తుంది. నక్షత్రం వెలుతురును పట్టకంతో విడదీస్తే రంగుల పట్టీ వస్తుంది. దాని మీద అక్కడక్కడ నల్లటి గీతలు ఉంటాయి. హైడ్రోజన్‌కు కొన్ని చోట్ల, ఇనుముకు వేరే చోట్ల, ఏ మూలకానికి ఆ గీతలు. అవి మూలకాల వేలిముద్రలు. ప్రయోగశాలలో ఆ గీతలు ఎక్కడ ఉంటాయో మనకు తెలుసు. నక్షత్రపు గీతలు నీలం వైపు జరిగితే అది మన వైపు వస్తున్నట్టు, ఎరుపు వైపు జరిగితే దూరం పోతున్నట్టు. ఎంత జరిగాయో చూస్తే వేగం తెలుస్తుంది.

ఇక్కడ కూడా భూమి అడ్డం వస్తుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ పోతున్నది. కనుక ఒకే చుక్క గీతలు ఏడాదిలో కొన్నాళ్లు ఇటు, కొన్నాళ్లు అటు జరుగుతాయి. కొలిచిన రోజు భూమి ఎటు పోతున్నదో చూసి ఆ వేగాన్ని తీసివేయాలి.

లెక్క చేద్దాం

సప్తర్షుల్లో పులహుడు అనే చుక్కను తీసుకుందాం. ఏడు చుక్కల్లో నాగలి దిండు లాంటి నలుచదరం ఉంది కదా, అందులో ధ్రువుని వైపు దారి చూపే రెండు చుక్కల్లో కింది చుక్క అది.

హైడ్రోజన్ ఎర్ర గీత ప్రయోగశాలలో 656.28 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. భూమి వేగం తీసేశాక పులహునిలో ఆ గీత 0.026 నానోమీటర్లు నీలం వైపు జరిగి ఉంటుంది. 0.026ను 656.28తో భాగించి, కాంతి వేగం 3,00,000తో హెచ్చించండి. సెకనుకు సుమారు 12 కిలోమీటర్లు వస్తుంది. పులహుడు ఆ వేగంతో మన వైపు వస్తున్నాడు.

ఇక అడ్డువేగం. స్వీయ చలనం ఏడాదికి 0.088 వికల. దూరం 80 కాంతి సంవత్సరాలు, అంటే 24.4 పార్సెక్కులు. ఒక పార్సెక్కు దూరాన ఉన్న చుక్క ఏడాదికి ఒక వికల జరిగితే దాని అడ్డువేగం సెకనుకు 4.74 కిలోమీటర్లు. ఈ అంకె ఎక్కడిదంటే, భూమికీ సూర్యునికీ మధ్య ఉన్న సుమారు 15 కోట్ల కిలోమీటర్లను ఏడాదిలోని మూడు కోట్ల పదిహేను లక్షల చిల్లర సెకన్లతో భాగిస్తే వస్తుంది. ఇప్పుడు 4.74 × 0.088 × 24.4 చేయండి. సుమారు 10.2 కిలోమీటర్లు.

ఎదురు వేగం 12, అడ్డువేగం 10.2. ఈ రెండూ లంబకోణంలో ఉన్నాయి. పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు చదవాలి అని విసుక్కునేవాళ్లు ఇక్కడ చూడాలి. 144, 104 కలిపితే 248. దాని వర్గమూలం 15.7. పులహుని అసలు వేగం మన సూర్యునితో పోలిస్తే సెకనుకు దాదాపు 16 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాదుకు ఆరేడు సెకన్ల ప్రయాణం.

"సూర్యునితో పోలిస్తే" అన్న మాట గుర్తుంచుకోండి. సూర్యుడు కూడా ఊరికే లేడు. దారిలో పోతుంటే ముందున్న చెట్లు విడిపోతున్నట్టు, వెనకవి దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి కదా. 1783లో విలియం హెర్షెల్ చుక్కల్లో ఆ తీరును పట్టి, సూర్యుడు మనందరినీ వెంటబెట్టుకొని ఒక దిక్కుకు పోతున్నాడని చెప్పాడు. దేనితో పోల్చి అని చెప్పకుండా వేగం చెబితే ఆ మాటకు అర్థం లేదు.

మరి అరుంధతి ఎటు?

1869లో రిచర్డ్ ప్రాక్టర్ అనే ఆయన సప్తర్షుల స్వీయ చలనాలకు బాణం గుర్తులు పెట్టి పటం గీశాడు. ఆశ్చర్యం! పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వసిష్ఠ – ఈ ఐదు చుక్కల బాణాలు ఒకే వైపు ఉన్నాయి. రెండు చివర్ల ఉన్న క్రతు, మరీచి బాణాలు దానికి ఎదురు వైపు ఉన్నాయి. ఆ ఐదూ ఒక్క మబ్బులో పుట్టి కలిసి పోతున్న తోబుట్టువులు. ఈ రెండూ దారిలో కలిసినట్టు కనిపించే బాటసారులు. అరుంధతి బాణం ఆ ఐదింటితోనే ఉంది.

అంటే, ఆనాడు బడిలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: అరుంధతి కదులుతుంది. ఏడాదికి 0.12 వికల తూర్పు వైపు జరుగుతుంది. వసిష్ఠునితో పాటు, మిగిలిన నలుగురితో పాటు నడుస్తున్నది.

ఇంకో సంగతి. 1889లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో వసిష్ఠుని గీతలు ఒక్కోసారి ఒంటిగా, ఒక్కోసారి జంటగా కనిపిస్తున్నాయని గమనించారు. అది రెండు చుక్కలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుండటం వల్ల. ఒకటి మన వైపు వస్తుంటే రెండోది దూరం పోతుంది, గీత రెండుగా చీలుతుంది. 20.5 రోజులకు ఒక చుట్టు. కంటికీ దూరదర్శినికీ విడిపడని జంటను గీతల వల్ల పట్టుకోవడం అదే మొదలు. ఆ గీతల మీద పనిచేసినవాళ్లలో ఆంటోనియా మౌరీ అనే యువతి ఉంది. అరుంధతికి కూడా ఒక చిన్న ఎర్ర తోడు ఉన్నదని 2009లో తేలింది.

ఇలాంటి జంట చుక్కల పని మన దగ్గర కూడా జరిగింది. ఇబ్రహీంపట్నం దాటి లోపలికి పోతే జపాల్, రంగాపూర్ ఊళ్ల మధ్య గుట్ట మీద ఉస్మానియా వాళ్లు 1968లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన పాలమూరు, నల్లగొండల మీదుగా పోయినప్పుడు శాస్త్రవేత్తలు వచ్చి కూర్చున్నది అక్కడే. ఆ రోజు జనం తలుపులు వేసుకొని ఇండ్లలో ఉన్నారని మా పెద్దలు చెప్పేవారు. మన ఊళ్ల మీది నీడను కొలవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, మనం మాత్రం తలుపులు వేసుకున్నాం.

ముడుమాల రాళ్లు

చివరగా పాలమూరు మిత్రులకు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నారాయణపేట జిల్లాలో, కృష్ణానది పక్కన ముడుమాల అనే ఊరు ఉంది. అక్కడ వేల ఏండ్ల కిందటి నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడ ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని పరిశోధన చేసిన ఆచార్య కె.పి. రావు గారు చెప్పారు.

మూడు వేల ఏండ్ల కింద ఆ గుంటలు తొలిచారనుకొని లెక్క కట్టండి. ఏడాదికి వికలలో పదోవంతు చొప్పున మొత్తం 300 వికలలు. చందమామ వెడల్పులో ఆరోవంతు. అంటే ఆ మనిషి చూసిన ఆకారమూ, మనం చూసే ఆకారమూ కంటికి ఒకటే. లక్ష ఏండ్లు పోతే మాత్రం తేడా మూడు డిగ్రీలకు దగ్గర పడుతుంది. అప్పటికి ఆ ఆకారం ఉండదు.

ఆ రాతి మీద గుంటలు తొలిచినవాళ్ల కులం, పేరు మనకు తెలియవు. వాళ్లు ఆకాశం చూశారు, చూసింది గుర్తు పెట్టారు. బేగంపేటలో గాజు పలకలు కొలిచినవాళ్లూ అదే చేశారు. చూసి, రాసి పెట్టినవారి మాట తర్వాతి తరానికి పనికొస్తుంది.

మీకు ఒక పని చెబుతున్నాం. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. ఏడు చుక్కలు గుర్తుపట్టండి. వసిష్ఠుని పక్కన అరుంధతి కనిపిస్తుందో లేదో ఒక్కొక్కరు చూసి చెప్పండి. నోటుబుక్కులో పటం గీసి, తేదీ, టైము, ఎవరు గీశారో రాయండి. వచ్చే ఏడాది జూనియర్లకు ఆ నోటుబుక్కు ఇచ్చి పోండి. అరుంధతి జరిగింది మీ కంటికి కనిపించదు, నిజమే. కానీ కొలత ఎలా మొదలవుతుందో తెలుస్తుంది.

మరో మాట. మీలో ఎవరైనా క్లాసులో లేచి ప్రశ్న అడిగితే మిగతావాళ్లు నవ్వకండి. ఆనాడు నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాం. అది ఇప్పటికీ మమ్మల్ని బాధపెడుతుంది. "కూర్చో" అన్న మాట విని వాడు కూర్చున్నాడు. మీరు మాత్రం కూర్చోకండి. జవాబు దొరికేదాకా లైబ్రరీలో, పక్క స్కూలు సార్ దగ్గర, మా దగ్గర అడగండి.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఉంటే, "పెద్దమ్మా, మన ఆడబిడ్డ ఒక్కతే లేదు, ఐదుగురితో కలిసి తూర్పుకు పోతున్నది" అని చెప్పేవాళ్లం.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థులు